దొరువు నీళ్ళు

పోయిన సంచికలో, వచ్చేసారి మైలాపూరు మాడవీధుల గురించి రాస్తానని మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నాను, పాఠకులు మన్నించాలి. మాడవీధులు ఎక్కడికీ పోవు. ఈ మూడు నెలల్లో మా ఇంట్లో ఒక చిన్న సంగతి జరిగింది. అది రాస్తేగానీ వేరే ఏదీ రాయబుద్ధి కావడం లేదు.

మా అమ్మాయి పైచదువు కోసం నెదర్లాండ్స్ వెళ్ళి ఏడాది దాటింది. అక్కడ శని, ఆదివారాలు వచ్చాయంటే పిల్లలెవరూ గదుల్లో కూర్చోరు. నలుగురైదుగురు కలిసి టిక్కెట్టు తీసుకుంటే రైలు చార్జీ బాగా కలిసివస్తుందట, అందుకని గుంపుగా బయలుదేరతారు. అలాగే ఒక శనివారం ఆర్నెమ్ అనే ఊరు వెళ్ళారు. అక్కడ ఒక ఆరుబయటి మ్యూజియం ఉంది. దేశంలో నలుమూలలా ఉన్న పాత పల్లెటూరి ఇళ్ళు, గాలిమరలు ఊడదీసి తెచ్చి, మళ్ళీ ఉన్నవి ఉన్నట్టుగా నిలబెట్టారట. ఫోటోలు పంపింది. చూసి ముచ్చటపడ్డాం.

ఆదివారం రాత్రి ఫోన్ చేసింది. గొంతులో ఏదో తేడా ఉంది. మా ఆవిడ మెల్లగా లాగితే సంగతి బయటపడింది. ఆ గుంపులో మన తెలుగు పిల్లలు అరడజను మంది ఉన్నారు, హైదరాబాదు, విజయవాడ, విశాఖల వాళ్ళు. రైలెక్కాక మా అమ్మాయి ఇంట్లో అన్నట్టే, "అందరూ తినిండారా?" అని అడిగింది. అంతే, అందరూ పకపకా నవ్వారు. ఒకబ్బాయి ఆ రోజంతా గాలిమర దగ్గరా, కాఫీ దుకాణం దగ్గరా, "తినిండారా, తినిండారా" అంటూనే తిరిగాడట. తనూ వాళ్ళతో పాటు నవ్వేసిందట. మరి ఏం చేస్తుంది?

చివర్లో నన్ను అడిగింది: "మనం మాట్లాడేది తప్పు తెలుగా నాన్నా?"

మా ఆవిడ పుట్టిందీ పెరిగిందీ పెరంబూరులో. అమ్మాయికి మాటలు నేర్పింది ఆవిడ. నేను తెనాలి వాణ్ణి. 'తప్పు కాదమ్మా' అని ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే రోజంతా వెక్కిరిస్తూ తిరిగిన ఆ కుర్రాణ్ణి నేను ఎరుగుదును. పేరు తెలియదు, ముఖం చూడలేదు. కానీ 1995 జనవరిలో ఒక శనివారం రాత్రి ఆ కుర్రాణ్ణి నేనే.

1993లో భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చేయడానికి మద్రాసు వచ్చాను. మా తాతగారి కాలానికి మద్రాసు సొంత రాజధాని. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా చదువుకైనా, కోర్టు పనికైనా, పుస్తకం అచ్చు వేయించాలన్నా అక్కడికే రావాలి. మా తరం వచ్చేసరికి అది బస్సు మీద బోర్డు చదవడం కూడా చేతకాని పరాయి ఊరైపోయింది. ఇప్పటి పిల్లలకు ఆమ్‌స్టర్‌డామ్ ఎంత దూరమో, సెంట్రల్ స్టేషన్లో ట్రంకుపెట్టెతో దిగిన నాకు మద్రాసు అంతే దూరం.

మా తరగతిలో తొమ్మిది మందిమి ఒక జట్టు. ఆంధ్రా నుంచి నలుగురం, మదురై, కోయంబత్తూరు వాళ్ళు ముగ్గురు, ఒక మలయాళీ. తొమ్మిదో వాణ్ణి 'పొన్నేరి' అని పిలిచేవాళ్ళం. పొన్నేరి మద్రాసుకు ఉత్తరాన, గుమ్మిడిపూండి వెళ్ళే రైలు దారిలో ఉంటుంది. వాడిది ఆ ఊరు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. మొదటి రోజు నా దగ్గరకు వచ్చి, "మీరు తెలుగోళ్ళు కదా, నేనూ తెలుగే" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు వాడి మొహంలో ఎంత సంతోషమో! వారం తిరక్కుండా ఆ సంతోషం మేమే తీసేశాం.

"వస్తా ఉండాను" అంటే నవ్వు. "యాడ పెట్టినావురా?" అంటే నవ్వు. ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటే నవ్వు. మేము కృష్ణా, గుంటూరు వాళ్ళం. పుస్తకాల్లో అచ్చయ్యేదీ, సినిమాల్లో హీరో మాట్లాడేదీ మా భాషే కనుక అదే భాష అని మా నమ్మకం. పల్లె యాస కావలసి వస్తే హాస్యనటుడి నోట్లో పెడతారు కదా, వీణ్ణీ ఆ లెక్కలో వేసుకున్నాం. కొన్నాళ్ళకు వాడు మాతో ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టాడు. అది మేము గమనించనైనా లేదు.

ఒకసారి నేను, "తెలుగువాడివై ఉండి తెలుగు చదవడం రాదేమిట్రా?" అని అడిగాను. "మా బళ్ళో తెలుగు అయివారు లేడు" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క కూడా కలపలేదు. ఆ ప్రశ్న ఎంత మొరటుదో నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. 1960 ఏప్రిల్ 1న రెండు రాష్ట్రాలూ సరిహద్దులు మార్చుకున్నప్పుడు తిరుత్తణి అటు వెళ్ళింది. పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల్లోని కొన్ని ఊళ్ళు ఇటు వచ్చాయి. గీత ఎలా గీసినా రెండు పక్కలా రెండు భాషల ఇళ్ళూ మిగిలే ఉన్నాయి. ఇంకా దక్షిణాన కోవిల్‌పట్టి నల్లరేగడి సీమలో తరతరాల కిందట స్థిరపడిన తెలుగు కుటుంబాల కథను కి. రాజనారాయణన్ నవలలుగా రాశారు. 1991లో ఆయనకు సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆయన రాసింది తమిళంలో. ఆయనను మనవాడని చెప్పుకోవడానికి మనం ముందుంటాం, ఆయన ఇంటి తెలుగు వింటే ఏమనేవాళ్ళమో! తమిళనాడులో 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక తెలుగు బళ్ళ సంగతి మన సంఘం సమావేశాల్లో ఎన్నోసార్లు చర్చించుకున్నదే. ఇక్కడ మళ్ళీ ఎత్తుకోను.

మేము ఎంత నవ్వినా, సంక్రాంతి సెలవులయ్యాక వాడే మమ్మల్ని పిలిచాడు. "మా జేజి పులికాట్లో ఉండాది. శనాదివారాలు పోయొద్దాం" అన్నాడు. మలయాళీ అబ్బాయికి ఫ్లెమింగో పక్షులు చూడాలని ఆశ. మాకు హాస్టలు సాంబారు తప్పించుకుంటే చాలు.

మూర్ మార్కెట్ పక్కనుంచి లోకల్ రైలెక్కాం. తిరువొత్తియూరు, ఎన్నూరు పొగగొట్టాలు దాటాక మీంజూరు వచ్చింది. అక్కడ మా తమిళ మిత్రుడొకడు, "ఒరే, మన పాఠం వచ్చింది, చూడండి" అన్నాడు. నిజమే. ఊళ్ళకూ కర్మాగారాలకూ అదేపనిగా బావుల్లో నీళ్ళు తోడేయడంతో 1960ల చివరినుంచి ఆ ప్రాంతంలో సముద్రపు ఉప్పునీరు నేల అడుగునుంచి మైళ్ళ కొద్దీ లోపలికి చొచ్చుకు వచ్చింది. దేశంలో భూగర్భజలాల మీద రాసిన పుస్తకాల్లో మీంజూరు పేరు తరచుగా కనిపిస్తుంది. ఆ నెలలోనే మాకు ఆ పాఠం అయింది. తీరపు ఇసుకలో వాన నీరు ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు ఉంటే, దాని కింద నలభై అడుగుల దాకా మంచినీరే ఉంటుందని లెక్క. 1888లో బాడన్ ఘైబెన్ అనే డచ్చి ఇంజనీరూ, 1901లో హెర్జ్‌బర్గ్ అనే జర్మనూ ఎవరికి వారుగా ఈ సంగతి చెప్పారు. పరీక్షలో ఈ ప్రశ్నకు నాకు మంచి మార్కులు వచ్చాయి. ఈ మాట గుర్తుంచుకోండి.

పొన్నేరిలో దిగి, బస్సులో మరో పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్ళాం. తమిళులు ఆ ఊరిని పళవేర్కాడు అంటారు. మధ్యాహ్నం కోట చూశాం. చూశాం అనడమే గానీ, చూడడానికి ఒక కందకం, ముళ్ళ పొదలు, దిబ్బలు మిగిలాయి. విజయనగర ప్రభువు రెండవ వెంకటపతిరాయలి అనుమతి తీసుకుని డచ్చివారు 1610లో ఇక్కడ అడుగుపెట్టారు. 1613కల్లా కోట లేచింది. దాన్ని కట్టించిన అధికారి తన సొంత సీమ గెల్డర్లాండ్ పేరు మీద కోటకు 'గెల్డ్రియా' అని పేరు పెట్టుకున్నాడు. మా అమ్మాయి వెళ్ళిన ఆర్నెమ్ ఆ గెల్డర్లాండ్‌కే ముఖ్యపట్టణం. ఆ ఫోటోల కింద ఊరి పేరు చూసినప్పుడే నా గుండె ఒకసారి కొట్టుకుంది.

ఇక్కణ్ణుంచి నూలు బట్టలు ఓడలకెక్కి జావా, సుమత్రాలకు వెళ్ళేవి. అచ్యుతప్ప, చిన్నన్న అనే తెలుగు వర్తక సోదరులు డచ్చివారికి సరుకు సమకూర్చి ఆ రోజుల్లో పెద్ద సంపన్నులయ్యారు. బట్టలే కాదు, కరువు కాలంలో అమ్ముడుపోయిన మనుషులనూ ఓడల్లో బటేవియాకు పంపారు. కోట దగ్గర నిలబడి ఇదంతా మాకు చెప్పినవాడు పొన్నేరి. ఇంగ్లీషులో చెప్పాడు. డచ్చి శ్మశానం వాకిట్లో రెండు పక్కలా రాతిలో చెక్కిన అస్థిపంజరాలున్నాయి. లోపల సమాధుల మీద రాతలూ, వంశ చిహ్నాలూ ఇప్పటికీ నిగనిగలాడుతుంటాయి. అస్థిపంజరం భుజం మీద చెయ్యేసి మా వాళ్ళు ఫోటోలు దిగారు. ఆ వయసుకు అంతే.

జేజి ఇల్లు ఊరి చివర పెంకుటిల్లు. ముందు పెద్ద తిన్నె, అదే మేము అరుగు అంటాం. డెబ్భై దాటిన మనిషి, బక్కగా, నిటారుగా ఉంది. పుట్టిల్లు సరస్సు నడుమ ఇరకం దీవి. పెళ్ళయ్యాక తెరచాప పడవలో ఈ ఒడ్డుకు వచ్చిందట. పులికాట్ సరస్సులో చాలా భాగం ఆంధ్రలోనే ఉంది, ఆ దీవీ అంతే. అంటే ఆవిడ ఒక రాష్ట్రంలో పుట్టి మరో రాష్ట్రంలో కాపురం చేసింది. ఈ సంగతి చెబితే ఆవిడ, "అయ్యన్నీ నాకు తెలవదు నాయనా, నీళ్ళు ఒకటే కదా" అంది.

చెప్పులు విప్పుతుండగానే అడిగింది: "కూడు తినిండారా నాయనా?"

మా నలుగురి మొహాలు చూడాలి. మా వైపు 'కూడు' అంటే గౌరవమైన మాట కాదు. తిట్టేటప్పుడు వస్తుంది, 'కూటికి గతిలేదు' అనేటప్పుడు వస్తుంది. అతిథిని కూడు తిన్నావా అని అడగడమా? నవ్వు ఆపుకోలేక ఒకడు దగ్గు నటించాడు. ఆ 'కూడు' పాత కావ్యాల్లో ఉన్న మాటేనని, వండిన అన్నానికి మనకున్న అచ్చమైన తెలుగు పేరని, 'భోజనం' మనం అరువు తెచ్చుకున్నదని అప్పుడు మాకు తట్టలేదు. ఆ పూట ఆవిడ పెట్టిన రొయ్యల ఇగురు, చేపల పులుసు ఇప్పటికీ నా నాలుక మీద ఉన్నాయి. కొసరి కొసరి వడ్డించింది. పప్పుచారు తప్ప ముట్టని కోయంబత్తూరు అబ్బాయికి విడిగా వండిపెట్టింది.

రాత్రి తిన్నె మీద వరసగా పడుకున్నాం. చలిగాలి, చీకట్లో దూరంగా దీపస్తంభం వెలుగు. కబుర్లలో మా వాళ్ళను నవ్వించాలన్న ఉబలాటంతో నేను లేచి కూర్చున్నాను. నడుం మీద చెయ్యి పెట్టుకుని, జేజి గొంతు పెట్టి, "కూడు తినిండారా నాయనా? ఇంకొంచెం ఏసేదా? యాడికి పోతా ఉండారు?" అని అభినయించాను. గొంతు బాగా కుదిరింది. మా ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. తమిళ మిత్రులకు అర్థం కాకపోయినా నవ్వారు.

నవ్వు ఆగాక వెనక్కి తిరిగి చూశాను. గడపలో జేజి నిలబడి ఉంది. చేతిలో దుప్పట్లు. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఏమీ అనలేదు. దుప్పట్లు నా పక్కన పెట్టి, "మంచు పడతాది, కప్పుకోండి" అని లోపలికి వెళ్ళిపోయింది. పొన్నేరి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడని నాకు నేను చెప్పుకున్నాను.

తెల్లవారి పడవ మాట్లాడుకున్నాం. ముఖద్వారం దగ్గర ఇసుకతిప్ప మీదికి వెళ్ళి, సముద్రం చూసి, పక్షులు చూసి మధ్యాహ్నానికి వచ్చేయాలని లెక్క. (పాఠకులకు ఒక మాట: 2011 డిసెంబరు 25న ఇదే సరస్సులో విహారపు పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. తర్వాత విహారపు పడవలను నిషేధించారు. ఎవరైనా తీసుకెళతామన్నా పిల్లలతో ఎక్కకండి. మా రోజుల్లో అడిగేవాళ్ళు లేరు, మాకు బుద్ధీ లేదు.) బయలుదేరేటప్పుడు జేజి మూట కట్టిచ్చి, మనవడితో కాక మా అందరితో అంది: "తిప్ప మీద నీళ్ళుండవు. దప్పికయితే దొరువు చేసుకోండి. లోతుకు పోవద్దు, ఉప్పెక్కతాది. పైపైన ఉండేదే తీపు."

'దొరువు' ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. రెండు సీసాల నీళ్ళు పెట్టుకుని పడవెక్కాం.

పక్షుల గురించి ఎంత చెప్పినా తక్కువే. దూరంగా నీటి మీద తెల్లని గీతలా కనిపించింది. దగ్గరవుతుంటే ఆ గీతకు కాళ్ళు వచ్చాయి. వందల ఫ్లెమింగోలు, ఒంటికాలి మీద కొన్ని, ముక్కు నీళ్ళలో తలకిందులుగా పెట్టి కొన్ని. ఎందుకో బెదిరి ఒక్కసారిగా లేచాయి. రెక్కల కింద ఎరుపూ నలుపూ విచ్చుకుని ఆకాశమంతా రంగు మారింది. మలయాళీ అబ్బాయి పడవలో లేచి నిలబడితే పడవవాడు తమిళంలో రెండు తగిలించి కూర్చోబెట్టాడు.

తిప్ప మీద ఆడాం, పాడాం, మూట విప్పి అంతా తినేశాం. నీళ్ళు అయిపోయాయి. తిరుగుప్రయాణానికి వచ్చి చూస్తే పడవ బురదలో కూర్చుని ఉంది. నీరు తీసింది, మళ్ళీ పెరిగేదాకా కదలదు, సాయంత్రం అవుతుందన్నాడు పడవవాడు. బీడీ ముట్టించుకుని పడవ నీడన పడుకున్నాడు. ఒంటిగంట ఎండ. జనవరే అయినా ఇసుక మీద ఎండ ఎండే. ఉప్పు చేప నంజుకుని తిన్నాం. చుట్టూ కనుచూపుమేర నీళ్ళే, చుక్క గొంతులో పోసుకునేది కాదు. గంటన్నర గడిచేసరికి ఒకడికి వాంతి అయింది. మా హాస్యాలన్నీ ఎండిపోయాయి.

పొన్నేరి లేచి సముద్రానికీ సరస్సుకూ నడుమ ఇసుక కాస్త ఎత్తుగా, గడ్డి మొలిచిన తావుకు వెళ్ళాడు. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వసాగాడు. మేము చూస్తూ నిలబడ్డాం. మూరెడు తవ్వాక ఇసుక తడిగా వచ్చింది. ఇంకొంచెం తవ్వి, పక్కలు వెడల్పు చేసి, ఆగాడు. గుంట అడుగున నీరు ఊరింది. మొదట బురదగా ఉంది, కొబ్బరి చిప్పతో తోడి పారబోశాడు. మళ్ళీ ఊరింది, తేటగా. చిప్ప నిండా ముంచి మొదట వాంతి చేసుకున్న వాడికిచ్చాడు. తర్వాత నాకు.

తియ్యటి నీళ్ళు. రెండు పక్కలా ఉప్పునీరు, నడుమ మూరెడు లోతులో మంచినీరు!

"ఇంకా లోతుగా తవ్వితే ఎక్కువ వస్తాయి కదా" అన్నాను. "లోతుకు పోతే ఉప్పెక్కతాది. జేజి చెప్పలా?" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత వాడు నాతో అన్న మొదటి తెలుగు మాట అది.

అప్పుడు వెలిగింది. ఘైబెన్, హెర్జ్‌బర్గ్! మంచినీటి పొర, దాని కింద ఉప్పునీరు, పైనుంచి తోడేకొద్దీ కిందినుంచి ఎగదన్నే ఉప్పు. బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, మార్కులు తెచ్చుకున్న పాఠం. అదంతా జేజి మూడు చిన్న వాక్యాల్లో చెప్పింది, దానికి ఆమె దగ్గర ఒక పేరు కూడా ఉంది. పాఠం చదివిన నేను దాహంతో కూర్చున్నాను, పేరు తెలిసినవాడు నీళ్ళు తీశాడు. ఆమ్‌స్టర్‌డామ్ నగరం 1853 నుంచి సముద్రపు ఒడ్డు ఇసుకదిబ్బల నీటిని గొట్టాల్లో తెచ్చుకుని తాగుతోంది. ఘైబెన్ లెక్కలు కూడా ఇలాంటి నీటి గురించే. అంటే అదీ ఒక పెద్ద దొరువే.

సాయంత్రం నీరు పెరిగింది, ఒడ్డుకు చేరాం. జేజి వాకిట్లో ఎదురుచూస్తూ ఉంది. ఆవిడ కాళ్ళకు దణ్ణం పెడదామనుకున్నాను, క్షమించమని అడుగుదామనుకున్నాను. బస్సు వేళయిందని ఎవరో కేకేశారు. "పొయ్యొస్తాం జేజీ" అని మాత్రం అన్నాను. ఆ మాట వెక్కిరింతగా వినిపించిందేమోనని రైల్లో అంతా అదే బెంగ.

తర్వాత చదువులయ్యాయి, ఉద్యోగాలొచ్చాయి. నేను చెన్నైలోనే స్థిరపడ్డాను, పెరంబూరు సంబంధం చేసుకున్నాను. కొన్నేళ్ళకు స. వెం. రమేష్ గారి 'ప్రళయకావేరి కథలు' నా చేతికి వచ్చింది. ప్రళయకావేరి అంటే ఆ సరస్సుకు అక్కడి తెలుగువాళ్ళ పేరు. పుస్తకమంతా జేజి మాటే. తిప్పలు, దీవులు, దొరువులు. రాత్రంతా కూర్చుని చదివాను. పొన్నేరికి పంపాలనిపించింది, వాడికి లిపి రాదు కదా అనుకుని ఊరుకున్నాను. ఊరుకోవడానికి అది మంచి సాకు.

అమ్మాయి ఫోన్ తర్వాత మూడో రోజున ఒక పాత మిత్రుడి దగ్గర వాడి నంబరు సంపాదించాను. అంబత్తూరులో ఉంటున్నాడు. ఒకే ఊళ్ళో ఉంటూ ఎనిమిదేళ్ళుగా మాట్లాడుకోలేదు. మొదట తమిళంలో పలకరించాడు. నేను పేరు చెప్పి, సంగతంతా చెప్పాను, అమ్మాయి సంగతి, తిన్నె మీద రాత్రి సంగతి. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"జేజి 2003లో పోయింది రా" అన్నాడు.

"ఆ రాత్రి నా మాటలు విన్నది కదూ?"

"వినింది. లోపలికొచ్చి నాతో అనింది, ఆ తెనాలి పిల్లోడికి మన మాట నోట్లో బాగనే తిరగతా ఉండాది, పొద్దున వాడికి చేప ఒకటి ఎక్కవెయ్యి, అని."

"నిజంగా అన్నదా, నా మనసు కుదుటపరచడానికి అంటున్నావా?"

"అనినట్టే గుర్తుండాది. ఆమెకు కోపం లేదులే. నాకు ఉండింది. రెండేండ్లు ఉండింది."

నేనేమీ అనలేకపోయాను. వాడే మాట మార్చి, పులికాట్ ఇల్లు అమ్మేశారని, తన పిల్లలిద్దరికీ తెలుగు అర్థమవుతుంది గానీ బదులు తమిళంలో చెబుతారని అన్నాడు. నేను పుస్తకం సంగతి చెప్పాను. జేజి మాటలు అచ్చులో ఉన్నాయంటే నమ్మలేదు. "చదువు, విందాం" అన్నాడు. ఫోన్‌లోనే ఒక పేజీ చదివాను. నా తెనాలి నోటికి ఆ మాటలు సరిగా పలకలేదు. వాడు రెండుచోట్ల ఆపి దిద్దాడు.

అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. నా వంతు కథ దాచకుండా చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ మాట ఏమిటి నాన్నా, దొరువా? స్పెల్లింగ్ పంపించు" అంది. ఇంకో శనివారం వాళ్ళు గుంపుగా సముద్రపు ఒడ్డు ఇసుకదిబ్బలకు వెళుతున్నారట. వెక్కిరించిన అబ్బాయి కూడా వస్తున్నాడట. అక్కడ తవ్వవద్దు, పోలీసులు పట్టుకుంటారని చెప్పాను.

ఇప్పుడు ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు పొన్నేరికి ఫోన్ చేస్తున్నాను. స్పీకరు పెట్టి పిల్లలను కూడా కూర్చోబెడుతున్నాడు. రెండు కథలయ్యాయి. మైలాపూరు మాడవీధులు వచ్చే సంచికలో.